సాంగ్వినరీ, సాంగ్విన్: ఒక తల్లి బిడ్డలు

రాజోలు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ అనువాదం అందింది, రెండుసార్లు చదివాను. భాష హాయిగా నడిచింది గానీ, ‘సాంగ్వినరీ’ అన్న ఇంగ్లీషు విశేషణానికి ‘ఆశాజనకమైన’ అని వ్రాయడం వల్ల ఒక వాక్యం పూర్తిగా తలకిందులయింది. ఆ మాటకు అర్థం రక్తపాతంతో కూడిన, రక్తదాహం గల అని. నువ్వు దానిని, ఆశాభావం గల అనే అర్థమిచ్చే ‘సాంగ్విన్’ అనుకున్నావు. పొరబడడం సహజమే, రెండూ ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లి ‘సాంగ్విస్’, అంటే లాటిన్‌లో నెత్తురు.

ఒకే నెత్తుటి నుంచి ఒకదానికి వధ, మరొకదానికి ఆశ ఎలా దక్కాయో తెలిస్తే ఇక మరిచిపోవు. పూర్వపు ఐరోపా వైద్యులు దేహంలో రక్తం, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం అని నాలుగు రసాలు ఉంటాయనీ, వాటిలో ఏది మిక్కుటమైతే మనిషి స్వభావం దానిని బట్టి నడుస్తుందనీ నమ్మేవారు. (మన ఆయుర్వేదం చెప్పే త్రిదోషాలలో రక్తం లేదని గమనించు.) రక్తం హెచ్చుగా ఉన్నవాడి ముఖం ఎర్రగా కళకళలాడుతుందనీ, అతడు ఉల్లాసంగా, ధైర్యంగా ఉంటాడనీ వారి లెక్క. 14వ శతాబ్దంలో ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చి నెత్తుటి రంగును చెప్పిన ‘సాంగ్విన్’, ఆ నమ్మకం మీదుగానే క్రమంగా ఆశాభావానికి పేరయింది. ‘సాంగ్వినరీ’ మాత్రం ఒలికిన నెత్తుటినే అంటిపెట్టుకుని ఉంది. ‘బ్లడీ’ తిట్టుగా మారి అచ్చువేయడానికి జంకవలసి వచ్చినప్పుడు, దాని స్థానంలో మర్యాద కోసం ఈ మాటనే వాడారు.

నెత్తుటిమయమైన అని చెప్పే మరో ఇంగ్లీషు మాట ‘గోరీ’ పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో ‘గోర్’ అంటే మురికి, పేడ; గడ్డకట్టిన నెత్తురన్న అర్థం తరువాత వచ్చింది. నిన్న దింపు కొబ్బరికాయలు ఒలుస్తుండగా గునపం మొన ఒకతని అరచేతిని చీల్చింది. కట్టు కట్టించి పంపి వచ్చి చూస్తే, పీచు మీద పడిన నెత్తురు నల్లబడి, దుమ్ముతో కలిసి జిగటగా అంటుకుపోయి ఉంది. నెత్తుటికి మురికి పేరు ఎందుకు పట్టిందో నాకు అప్పుడు బోధపడింది.

మన ‘రక్తం’ కథ నాకు మరీ ఇష్టం. సంస్కృతంలో దాని మూలార్థం రంగు పట్టినది, ఎర్రనిది అని. అనురాగం, అనురక్తి, విరక్తి కూడా ఆ ధాతువు నుంచి పుట్టినవే. వరదల్లో మన వసిష్ఠ గోదావరికి ఎర్రనీరు తగిలినట్టు, మనసుకు ఒకరి రంగు పట్టడమే అనురక్తి.

నీ వాక్యం కోట ముట్టడిని గురించినది కనుక, ‘ఆశాజనకమైన’ కొట్టివేసి ‘నెత్తురోడిన’ అని దిద్ది, ఆ పేరా తిరిగి పంపు.

ఇట్లు,
మీ నాన్న