ఎండంటే నలుపు ఒక్కటేనా?

సంపాదకుల గారికి,

మొన్న మీ పేపర్లో ఎండాకాలం జాగ్రత్తలు చదివాను. టాన్, ముడతలు, ఏ క్రీము రాయాలి... అంతా రంగు గొడవే. చర్మంలో కాపలా కాసే కణాల గురించి ఒక్క ముక్క లేదు.

మా నాన్న మిరప కల్లంలో నాలుగు రోజులు ఎండలో నిలబడితే చాలు, కింది పెదవి అంచున నీటి పొక్కులు గుత్తిగా లేస్తాయి. "రాత్రి ఏదో పురుగు పాకిందిలే" అని అమ్మ కొబ్బరినూనె రాసేది. పురుగూ కాదు, పాడూ కాదు, నరాల్లో దాక్కున్న హెర్పిస్ వైరస్. ఎండ దాన్ని నిద్ర లేపుతుంది.

చర్మం పైపొరలో లాంగర్‌హాన్స్ కణాలుంటాయి, నేనన్న కాపలాదారులు ఇవే. 1868లో బెర్లిన్‌లో ఇంకా వైద్య విద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ వీటి కొమ్మల్లాంటి ఆకారం చూసి నాడీ కణాలనుకున్నాడు, పాపం. చొరబడిన క్రిమి ముక్కని పట్టుకెళ్లి లింఫ్ గ్రంథుల్లోని టి-కణాలనే రక్షణ కణాలకి చూపించడం వీటి పని. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ముఖ్యంగా యూవీ-బి అనే రకం, గట్టిగా తగిలితే ఈ కణాల డీఎన్ఏ దెబ్బతింటుంది, చాలా కణాలు ఆ చోటు ఖాళీ చేస్తాయి, పైగా ఇంటర్‌ల్యూకిన్-10 లాంటి సంకేత పదార్థాలు పెరిగి మిగతా రక్షణ దళాన్ని జోకొడతాయి. సోరియాసిస్ అనే చర్మవ్యాధికి 311 నానోమీటర్ల యూవీ-బి కిరణాలతో చేసే చికిత్స కొంతవరకు ఈ జోకొట్టే గుణాన్ని వాడుకునేదే.

నల్లటి ఒంటికి ఏం కాదనుకోవద్దు, మెలనిన్ పూర్తి కవచం కాదు. ఇవి కూడా రాయండి.

ఈసారి నాన్న తలగుడ్డ పెదవుల దాకా చుట్టుకుని, పదకొండుకల్లా ఇంటికొచ్చేశాడు. పొక్కు రాలేదా అంటే, వచ్చింది. ఒక్కటే, చిన్నది.

– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా