పగలు పచ్చ, దీపం ముందు కెంపు

గుత్తి

పాపా,

నువ్వు పంపిన రాయి ఫొటోలు నాలుగైదుసార్లు చూశాను. నిశ్చితార్థం ఉంగరానికి వజ్రం వద్దు, అలెగ్జాండ్రైట్ కావాలన్నావు. చాలా సంతోషం. కానీ డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మనం పిల్లికన్ను అని పొదిగే వైడూర్యం, ఇదీ ఒక్క తల్లి బిడ్డలే. రెండూ క్రైసోబెరిల్ అనే ఖనిజమే, బెరీలియం, అల్యూమినియం కలిసి ఏర్పడేది. అందులో అల్యూమినియం చోట కాస్త క్రోమియం చేరితే అలెగ్జాండ్రైట్ అవుతుంది. బెరీలియం, క్రోమియం భూమిలో ఒకచోట కలవడమే అరుదు, అందుకే అంత ధర. 1830లలో రష్యాలో ఉరల్ కొండల పచ్చల గనుల్లో బయటపడితే, అప్పటి యువరాజు అలెగ్జాండర్ పేరు పెట్టారు. మన రాష్ట్రంలో నర్సీపట్నం వైపు కూడా దొరికింది.

క్రోమియం పసుపు వెలుగును మింగేసి పచ్చను, ఎరుపును వదులుతుంది. పగటి వెలుగులో పచ్చ, నీలం పాలు ఎక్కువ కాబట్టి రాయి పచ్చగా ఉంటుంది. దీపం వెలుగులో ఎరుపు ఎక్కువ, అదే రాయి కెంపులా కనిపిస్తుంది.

నీకు ఇన్నాళ్లూ చెప్పని మాట ఒకటుంది. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు ఒక వ్యాపారి ఇదే పేరు చెప్పి ఒక రాయి ఇచ్చాడు. పగలు బూడిద నీలం, రాత్రి వంకాయ రంగు. రంగు మారింది కదా అని నమ్మి, మన వీధిలో ఒక పంతులు గారి కూతురి పెళ్లి ఉంగరానికి పొదిగాను. రెండేళ్లకు ఆ అమ్మాయి ల్యాబ్‌లో చూపిస్తే, అది అలెగ్జాండ్రైటే కాదు, వనేడియం కలిపి ఫ్యాక్టరీలో చేసిన కురువిందం (కెంపు, నీలం జాతి రాయి) అని తేలింది. ఆ వ్యాపారి మళ్లీ కనబడలేదు. మీ అమ్మ తన గాజులు కుదువ పెట్టమంది, ఆ డబ్బు పంతులు గారికి తిరిగిచ్చాను. గాజులు విడిపించడానికి ఏడాది పట్టింది. అమ్మ ఆ ఏడాది పెళ్లిళ్లకు మట్టి గాజులతోనే వచ్చింది.

నీ ఫొటోల్లో రాయి అచ్చం అలాగే ఉంది, ఒకదాంట్లో బూడిద నీలం, ఇంకోదాంట్లో వంకాయ రంగు. మూడు క్యారెట్లు, ఆ ధరకా? అసలుది మచ్చ లేకుండా ఒక్క క్యారెట్ దొరకడమే కష్టం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ల్యాబ్‌లో పెంచిన అసలు అలెగ్జాండ్రైట్ 1970ల నుంచే అమ్ముతున్నారు. అది రంగు చక్కగా మారుతుంది, నా కంటికి దొరకదు. కాబట్టి ప్రకృతిలో పుట్టినదే అని రాసిచ్చిన మంచి ల్యాబ్ కాగితం లేకుండా కొనొద్దు. పరీక్షలో కాదని తేలితే డబ్బు వెనక్కిస్తానని అమ్మేవాడి దగ్గర రాయించుకో.

తొలకరి పడ్డాక వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు కొంగున రాళ్లు కట్టుకుని మన అంగడికి వస్తారు, నీకు తెలుసుగా. చాలావరకు పలుగురాళ్లే. వాళ్ల మొహం చూస్తే చెప్పడానికి నోరు రాదు, అయినా చెబుతాను. నా బిడ్డకు చెప్పకుండా ఎలా ఉంటాను?

అర క్యారెట్‌ది తీసుకో, చాలు. వజ్రం గట్టిదనం పది అయితే దీనిది 8.5, పచ్చరాయి కంటే గట్టి, రోజూ పెట్టుకోవచ్చు. అడుగు మూయకుండా, వెలుగు లోపలికి పోయేలా నేనే పొదుగుతాను.

రాయి తెచ్చేటప్పుడు మాత్రం పొద్దున దిగే బండికి రా. అంగట్లో ఇప్పుడన్నీ ఎల్ఈడీ లైట్లే, వాటిలో ఎరుపు తక్కువ, వాటి కింద చూసి ఏదీ తేల్చలేం. పగలు గడప దగ్గర నీడపట్టున చూద్దాం. పొద్దు గూకాక అమ్మ దేవుడి దగ్గర నువ్వుల నూనె దీపం పెడుతుంది, అప్పుడు నీ వేలి మీద పెట్టి మళ్లీ చూద్దాం.

మీ నాయన