ఫారంపాండ్ల పూడికతీత: ఊరందరికీ జమా ఖర్చుల వివరణ

ఊరి పెద్దలకు, రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, బెంగళూరు నుంచి డబ్బు పంపిన మన పిల్లలకు నమస్కారం.

ఈ ఎండాకాలం మన పొలాల్లోని 18 ఫారంపాండ్లలోనూ (వాన నీళ్లు పట్టే సేద్యపు కుంటలు), ఊరి పశువుల కుంటలోనూ పూడిక తీయించిన లెక్క ఇది. పని పూర్తయింది, బిల్లులన్నీ కట్టేశాం. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ డబ్బు దేనికి పోయింది, ఎందుకు పోయింది అన్నీ పని చూసుకున్న కమిటీ తరఫున కింద రాశాం.

ముందు జమ. కుంటలున్న 18 మంది రైతులు తలా 4,000 చొప్పున కట్టిన అడ్వాన్సు 72,000 రూపాయలు. అనుకున్న రెండు గంటల కంటే ఎక్కువ మిషన్ పని పట్టిన రైతులు తర్వాత కట్టింది 12,000. పశువుల కుంట కోసం 142 ఇళ్ల నుంచి ఇంటికి 200 చొప్పున చందా 28,400. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలు కలిసి పంపింది 40,000. పూడిక మట్టి తోలుకున్నవాళ్లు ట్రిప్పుకు 50 చొప్పున 310 ట్రిప్పులకు ఇచ్చింది 15,500. మొత్తం జమ 1,67,900 రూపాయలు.

ఖర్చులో పెద్దది హిటాచీ, అంటే చైన్ల మీద నడిచే తవ్వకం బండి. గంటకు 2,000, డీజిల్ ఓనరుదే. రైతుల కుంటల్లో 40 గంటలు, పశువుల కుంటలో 6 గంటలు, కలిపి 92,000. జేసీబీ 21 గంటలు, గంటకు 1,200 చొప్పున 25,200. హిటాచీని ట్రైలర్ మీద తెచ్చి మళ్లీ దింపి రావడానికి రానూపోనూ 9,000. ఆపరేటర్లకు, హెల్పర్లకు భోజనం, బత్తా 5,600.

జేసీబీ తక్కువకు వస్తుంది కదా, మొత్తం దాంతోనే లాగించి ఉండొచ్చు కదా అని కొందరు అడిగారు. మన కుంటల్లో పైకి ఎండి నెర్రెలు బారిన పొరే కనిపిస్తుంది. మోకాలి లోతు తవ్వితే కింద నల్లటి పచ్చి బురద, తుంగ వేర్లు. జేసీబీ టైర్ల బండి, అందులో దిగితే కూరుకుపోతుంది, దాన్ని లాగడానికి మళ్లీ చైన్ల బండే రావాలి. హిటాచీ అయితే గట్టు మీదే నిలబడి బూమ్ చాపి బురద ఎత్తి పక్కన పోస్తుంది. అందుకే లోపలి పని హిటాచీకి, కంపచెట్లు పీకడం, గట్లు సర్దడం, ఆరిన మట్టిని ట్రాలీలకు ఎత్తడం జేసీబీకి ఇచ్చాం. ట్రైలర్ ఖర్చు కూడా ఒక్కో రైతు విడిగా పిలిపించుకుంటే ప్రతిసారీ పడేది. అందరం కలిసి పిలిపించాం కాబట్టి ఒక్కసారితో పోయింది.

గంటల లెక్క దగ్గర మేం చాలా పట్టుదలగా ఉన్నాం, ఎందుకంటే ఇలాంటి పనుల్లో గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. కేబిన్‌లో ఉండే అవర్ మీటరు రీడింగును కుంట దగ్గర బకెట్ దించేముందు ఒకసారి, పని ఆగాక ఒకసారి పుస్తకంలో రాశాం. ఆ కుంట రైతు, ఆపరేటరు, కమిటీ మనిషి, ముగ్గురి సంతకాలు ఉన్నాయి. ఒక్క మాట అందరికీ తెలియాలి. ఆ మీటరులో చివరి అంకె గంటలో పదో వంతు, అంటే 6 నిమిషాలు. చివర 5 ఉంటే అరగంట, 50 నిమిషాలు కాదు. ఒక కుంట నుంచి ఇంకో కుంటకు బండి నడిచిన సమయాన్ని ఎవరి ఖాతాలోనూ వేయలేదు. ఆ సమయానికి డబ్బు అడగకూడదని ఓనరుతో ముందే మాట్లాడుకున్నాం, దానికి బదులుగా బత్తాలు మనం పెట్టుకున్నాం.

ఏడు కుంటలకు కలిపి ఏడు గంటలు ఎక్కువ పట్టింది. అందులో ఆరుగురు 12,000 కట్టారు, ఒకరి నుంచి 2,000 రావాలి. ఐదు కుంటలకు కలిపి మూడు గంటలు తక్కువ పట్టింది, వాళ్లకు 6,000 వెనక్కి ఇచ్చి సంతకాలు తీసుకున్నాం. మిగతా ఆరు కుంటలకు లెక్క సరిపోయింది.

లోతు గురించి కూడా చెప్పాలి. మిషన్ ఉండగానే ఇంకో రెండడుగులు తవ్వించండి అని చాలామంది అడిగారు. వాళ్ల ఆశ న్యాయమైనదే. ఏడాదంతా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే వాన మనది, అనంతపురం రైతుకు ప్రతి బిందె నీళ్లూ లెక్కే. కానీ మనవి ఎర్ర నేలలు, కింద ఉన్నది గరుసు (రాళ్లు కలిసిన మట్టి). అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న సన్నటి ఒండ్రే నీళ్లను పట్టి ఉంచుతుంది. దాన్ని పూర్తిగా గీకి గరుసు తేలేదాకా పోతే వాన నీళ్లు కొద్ది రోజుల్లోనే ఇంకిపోతాయి. బోరు పక్కన కుంట ఉన్నవాళ్లకు ఇంకడమే మేలు కాబట్టి, వాళ్లు కోరితే గరుసుదాకా తీయించాం. పైరుకు తడి ఇవ్వడానికి నీళ్లు నిలవాలి అన్నవాళ్ల కుంటల్లో జానెడు ఒండ్రు వదిలేశాం. ఏ కుంట ఎలా చేయించామో పుస్తకంలో ఉంది.

ఈ కుంటలు చాలావరకు పంట సంజీవని అనే ప్రభుత్వ సేద్యపు కుంటల కార్యక్రమం కింద ఉపాధి హామీలో తవ్వినవి. ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికీ మొదలైందే మన జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. మరి పూడిక కూడా అందులోనే తీయొచ్చు కదా అనే ప్రశ్న వచ్చింది. కూలీలకు పని దొరకాలన్నదే ఆ చట్టం ఉద్దేశం కాబట్టి అందులో ఇలాంటి మిషన్లు పెట్టనివ్వరు. నడుం లోతు పచ్చి బురదను తట్టలతో మోయమని మన ఆడవాళ్లకు చెప్పడం మాకు ఇష్టం లేకపోయింది. అందుకే సొంత డబ్బుతో చేశాం.

మిగతా ఖర్చులు. రెండు కుంటల్లో మిగిలిన నీళ్లు తోడడానికి ఇంజన్ డీజిల్ 2,350. నీళ్లు లోపలికి దిగే దారుల్లో రాళ్లు పేర్చడానికి, వాటి ముందు కొట్టుకొచ్చే మట్టిని ఆపే పూడిక గుంతలు తీయడానికి రాయి, కూలీ 11,800. పశువుల కుంట చుట్టూ రాతి కూసాలు, ముళ్లతీగ 8,900. పుస్తకాలు, జిరాక్సులు 650. వెనక్కి ఇచ్చిన 6,000 కూడా కలిపితే మొత్తం ఖర్చు 1,61,500. చేతిలో నిల్వ 6,400 రూపాయలు.

కంచె పూడికతీతలో భాగం కాదు కదా అని ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. పశువుల కుంట బడికి వెళ్లే దారి పక్కనే ఉంది. గట్లు ఇప్పుడు నిటారుగా ఉన్నాయి, అంచు తడిస్తే జారుతుంది. పిల్లలు ఈతకు దిగి కుంటల్లో పోయారన్న వార్తలు ప్రతి ఎండాకాలం వింటూనే ఉన్నాం. లోతు పెంచింది మనమే కాబట్టి కంచె వేసే బాధ్యత కూడా మనదే అని కమిటీ మొత్తం ఒప్పుకుంది. పశువులు దిగడానికి ఒక వైపు ఏటవాలు దారి వదిలాం.

బెంగళూరు పిల్లల 40,000లో 39,800 జేసీబీకి, ట్రైలర్‌కు, బత్తాలకు సరిపోయింది. మట్టి డబ్బు రాళ్లకు, డీజిల్‌కు, జిరాక్సులకు పోను 700 మిగిలింది. ఇంటి చందాలో హిటాచీ ఆరు గంటలు, కంచె పోను 7,500 మిగలాలి. రావలసిన 2,000 ఇంకా రాలేదు కాబట్టి ప్రస్తుతం చేతిలో తక్కువ కనిపిస్తోంది. అది వచ్చాక ఆ 7,500 పశువుల కుంటకే వాడతాం, వేరే పనికి కదిలించం.

తోలిన మట్టి సంగతి. ట్రాలీకి సుమారు మూడు ఘనపు మీటర్లు అనుకుంటే 310 ట్రిప్పులకు 900 పైనే. తవ్వాక మట్టి ఉబ్బుతుంది కాబట్టి కుంటల్లో ఏర్పడిన చోటు ఆ మేరకు తక్కువే ఉంటుంది. గట్లకు వేసింది ఈ లెక్కలో లేదు. వేరుశెనగ వేసే ఎర్ర చేలల్లో ఈ ఒండ్రు చల్లితే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఒకేచోట కుప్పలుగా వదిలేయకుండా పలచగా పరిచి, తొలి దుక్కిలో కలిపేయండి.

బిల్లులు, రీడింగుల పుస్తకం, చందా రసీదుల కౌంటర్లు నెలాఖరుదాకా గ్రామ సచివాలయంలో ఉంటాయి. ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఫోటో తీసుకోవచ్చు. లెక్కలో తేడా కనిపిస్తే కమిటీకి నేరుగా చెప్పండి.

కుంట రైతులందరికీ ఒక మనవి. తొలి వానల తర్వాత పూడిక గుంతలు నిండిపోతాయి. ఆరగానే ఎవరివి వాళ్లు పారతో ఎత్తుకోండి. ఎత్తిన మట్టిని గట్టు బయటి వైపే వేయండి, లోపలి వైపు వేస్తే తర్వాతి వానకు మళ్లీ కుంటలోకే దిగుతుంది.