సరిహద్దు బంకులో పోసిన డీజిల్ ఎవరి ఖాతాలో?

సంపాదకులకు,

ఏ రాష్ట్రంలో ఎంత పెట్రోలు, ఎంత డీజిల్ ఖర్చయిందో చెప్పే లెక్కలను కేంద్ర పెట్రోలియం శాఖ కింద పనిచేసే పీపీఏసీ (పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్) ప్రచురిస్తుంది. చమురు ధరల పాత నియంత్రణ పద్ధతిని ఎత్తేసినప్పుడు, 2002 ఏప్రిల్ 1న ఏర్పడిన సంస్థ అది. చమురు కంపెనీలు పంపే నివేదికలను కూడి లెక్క కడుతుంది. దేశం మొత్తానికి ఆ అంకెలతో పేచీ లేదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ లాంటి ఒడిశా వైపు సరిహద్దు జిల్లాలకు వచ్చేసరికి అవి దారి తప్పుతున్నాయి. కంపెనీ అమ్మిన సరుకే ఆ ప్రాంతపు వాడకంగా లెక్కకెక్కుతుంది, అది ఎక్కడ కాలిందన్నది అందులో కనిపించదు.

జాతీయ రహదారి 16 మీద ఇచ్ఛాపురం దాటి గిరిసోలా వైపు వస్తే సంగతి తెలుస్తుంది. ఆంధ్రలో డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు. ఒడిశాలో 24 శాతం వ్యాట్. పెట్రోలుకు ఆంధ్రలో 31 శాతం, పైన అవే 4 రూపాయలు, రూపాయి. ఒడిశాలో 28 శాతం. 2021 నవంబరులో ఒడిశా లీటరుకు 3 రూపాయల మేర వ్యాట్ తగ్గించింది, ఆంధ్ర తగ్గించలేదు. లీటరుకు మూడు రూపాయల తేడా ఉన్నా 300 లీటర్లు పట్టే లారీకి ఒక్క ట్యాంకు మీద 900 రూపాయలు మిగులుతాయి. విశాఖ వైపు వెళ్లే బండి బరంపురం దాటాక, సరిహద్దుకు ఇవతలే ట్యాంకు నింపుకుంటుంది. ఆ డీజిల్ శ్రీకాకుళం, విజయనగరం రోడ్ల మీద కాలుతుంది, లెక్క మాత్రం గంజాం జిల్లాలో పడుతుంది. పర్లాకిమిడి–పాతపట్నం మధ్య, సుంకి–సాలూరు ఘాట్ దారిలో, రాయగడ–పార్వతీపురం దారిలో జరిగేదీ ఇదే.

దీంతో నష్టమేమిటని అడగవచ్చు. కొత్త బంకు ఎక్కడ పెట్టాలి, డిపో నుంచి రోజుకు ఎన్ని ట్యాంకర్లు కదలాలి, కోతల కాలంలో ఏ బ్లాకుకు ముందు లోడు పంపాలి అన్నవి ఈ అంకెలు చూసే నిర్ణయిస్తారు. హైవే బంకుల్లో అమ్మకాలు పొంగితే జిల్లా అంతా సుభిక్షంగా కనిపిస్తుంది. లోపల మోహన, గుమ్మా, చంద్రపూర్ వైపు వరి కోత యంత్రానికి డీజిల్ దొరక్క క్యాన్లు పట్టుకుని ఎంత దూరం వెళ్తున్నారో ఆ సగటులో కనబడదు. తుపాను వేళ ఇది ఇంకా ప్రమాదం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. కరెంటు పోయాక ఆసుపత్రి జనరేటరు, తాగునీటి పంపు, సెల్ టవరు అన్నీ డీజిల్ మీదే నడవాలి. ఆ రోజున అధికారికి నెల అమ్మకం అంకె పనికిరాదు. ఏ బంకులో ఎన్ని రోజులకు సరిపడా నిల్వ ఉందో కావాలి.

ఆ నిల్వ అంకె ఎలా పుడుతుందో, ఎక్కడ చెడుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. పొద్దున బంకు తెరిచే ముందు డిప్ రాడ్ (గీతలున్న కొలత కడ్డీ) ట్యాంకులోకి దించి ఎత్తు చూస్తారు. ఆ ట్యాంకుకే చెందిన కాలిబ్రేషన్ చార్టులో ఆ ఎత్తుకు ఎన్ని లీటర్లో వెతుకుతారు. ట్యాంకు ఒకవైపు కుంగితే చార్టు అబద్ధం చెబుతుంది. ట్యాంకరు ఖాళీ చేసిన వెంటనే డిప్ తీస్తే సరుకు ఇంకా కదులుతూనే ఉంటుంది కాబట్టి రీడింగు నిలవదు. అట్టడుగున పంపు లాగలేని సరుకు కొంత ఎప్పుడూ మిగిలే ఉంటుంది. దాన్ని కూడా నిల్వలో కలిపేస్తే, కాగితం మీద ఒక రోజుకు సరిపడా డీజిల్ ఉన్నా నాజిల్‌లోంచి చుక్క రాదు. అమ్మకానికి వస్తే, సాయంత్రం మీటరు రీడింగులోంచి పొద్దుటి రీడింగు తీసేస్తే వచ్చేది అమ్మకం కాదు. కొలత సరిచూడడానికి 5 లీటర్ల క్యాన్లో పట్టి మళ్లీ ట్యాంకులో పోసిన దాన్నీ తీసెయ్యాలి. నాలుగు నాజిళ్లకు రోజూ ఒక్కోసారి చూస్తే 20 లీటర్లు, నెలకు 600 లీటర్లు. ఈ కాలమ్ వదిలేస్తే అమ్మని సరుకు అమ్మినట్టు రాసుకున్నట్టే.

వానాకాలంలో పెట్రోలు ట్యాంకుకు ఇంకో చిక్కు ఉంది. ఇథనాల్ (పంటల నుంచి తీసే ఆల్కహాల్) కలిసిన పెట్రోల్లోకి నీరు దిగితే, ఇథనాల్ పెట్రోలును వదిలి నీటితో చేరి అడుగుకు పోతుంది. దిగిన నీటికంటే అడుగు పొర ఎక్కువ ఉంటుంది. పైనుంచి డిప్ చూస్తే నిల్వ నిండుగానే ఉంటుంది, అందులో అమ్మదగ్గది తక్కువ. నీటిని పట్టే పేస్టు రాసి చూడడం, పొర కనిపిస్తే ఎత్తు విడిగా రాయడం తప్పనిసరి చేయాలి.

డిపో స్థాయిలో తేడాలు ఇంకా పెద్దవి. పెట్రోలు ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 0.12 శాతం ఉబ్బుతుంది, డీజిల్ 0.08 శాతం. చమురు కొలతలకు ప్రమాణమైన 15 డిగ్రీల లెక్కలో 12 కిలోలీటర్ల పెట్రోలు 35 డిగ్రీల ఎండలో దాదాపు 288 లీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఒక డిపో 15 డిగ్రీలకు సరిచేసి, ఇంకోటి ఉన్న వేడిమీదే కొలిచి పంపితే రెండింటినీ కూడడం అర్థం లేని పని. నెలాఖరు రాత్రి దారిలో ఉన్న ట్యాంకరు మరో చిక్కు. డిపో దాన్ని పంపినట్టు రాసింది, డీలరు ఇంకా అందుకోలేదు. నిల్వల జాబితాలో అది ఎవరి దగ్గరా ఉండదు. కంపెనీలు ఒకరి డిపోలో ఒకరు సరుకు ఎత్తుకునే ఏర్పాటు ఉన్నచోట ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ రాస్తే అదే లోడు రెండుసార్లు లెక్కకొస్తుంది. దానికి ‘కంపెనీల మధ్య బదిలీ’ అని వేరే గడి ఉండాలి.

లీటర్లను టన్నుల్లోకి మార్చడంలో కూడా జాగ్రత్త కావాలి. పీపీఏసీ పట్టికల్లో టన్ను పెట్రోలుకు 1,411 లీటర్లు, టన్ను డీజిల్‌కు 1,210 లీటర్లు. 15 డిగ్రీల దగ్గర లీటరు ఇథనాల్ 794 గ్రాములు తూగుతుంది, అంటే పెట్రోలుకంటే బరువు. ఆ పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపితే టన్నుకు సుమారు 1,378 లీటర్లే వస్తాయి. వెయ్యి కిలోలీటర్ల మిశ్రమాన్ని 1,411 అనే పాత గుణకంతో మారిస్తే 17 టన్నులు లెక్కలోంచి జారిపోతాయి. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. లీటర్లలో అమ్మకం పెరిగిందంటే జనం ఎక్కువ తిరిగారని చెప్పలేం. అందుకే కలిపిన పెట్రోలు, అందులోని ఇథనాల్ రెండు గడులూ పక్కపక్కనే అచ్చుకావాలి.

ఇథనాల్ గురించి ఇంకా చెప్పాలి. పెట్రోల్లో దాన్ని కలిపే పథకం 2003 జనవరిలో 5 శాతంతో మొదలైంది. 2018 జీవ ఇంధన విధానం 20 శాతం లక్ష్యాన్ని 2030కి పెట్టింది, 2022 సవరణ దాన్ని 2025–26కు ముందుకు జరిపింది. 10 శాతం లక్ష్యం 2022 జూన్‌లోనే అందింది. ఇదంతా దేశం సగటు. డిపోవారీగా ఎంత కలిసిందో, ఆ ఇథనాల్ దేనితో తయారైందో జనానికి చేరే అంకెల్లో దొరకడం కష్టం. నవరంగపూర్‌లో మొక్కజొన్న వేసే రైతుకు కావలసింది సరిగ్గా ఆ వివరమే. 2023 జులైలో ఇథనాల్ తయారీకి ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) బియ్యం ఇవ్వడం ఆపేశారు, ఆ డిసెంబరులో చెరకు రసం వాడకంపై ఆంక్షలు పెట్టారు. డిస్టిలరీలు మొక్కజొన్న వైపు తిరిగాయి. ఆ గిరాకీ ఎంతో నెలనెలా బయటికొస్తే రైతు పంట ఎప్పుడు అమ్మాలో చూసుకుంటాడు, దళారి చెప్పిన రేటుకే తలూపనక్కర్లేదు. ఒక్కో డిస్టిలరీ ఆ నెల తొలి నిల్వ, తయారీ, ముడిసరుకు, ఏ డిపోకు ఎంత పంపింది, మిగిలిన నిల్వ రాస్తే చాలు. డిపో అందుకున్న అంకెతో దాన్ని సరిపోల్చితే దారిలో పోయిందెంతో వెంటనే తేలుతుంది.

బయోడీజిల్ పరిస్థితి ఇంతకంటే అధ్వాన్నం. చిన్న తయారీదారులు లెక్కలు అడిగే జాబితాలోనే లేకపోతే వాళ్లను ఎవరు అడుగుతారు? పారిశ్రామిక నూనెలను బయోడీజిల్ పేరుతో లారీలకు పోసే వ్యాపారం ఆ ఖాళీలోనే పెరుగుతుంది. అడగాల్సిన వారి జాబితాను ఏటా పన్ను నమోదులతో, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఇచ్చిన నిల్వ లైసెన్సులతో సరిపోల్చి కొత్తగా రాయాలి. ఎంత మంచి ఫారమైనా జాబితాలో లేనివాడి దగ్గరికి వెళ్లదు.

అమెరికాలో 1977లో ఏర్పడిన ఇంధన సమాచార సంస్థ ఈఐఏ ఈ పనిని ఎలా చేస్తుందో మన అధికారులు చూడాలి. రిఫైనరీలకు 810, పైపులైన్లకు 812, దిగుమతులకు 814, టెర్మినళ్లకు, ఇంధనం కలిపేవారికి 815, జీవ ఇంధన తయారీదారులకు 819 నంబరు ఫారాలు ఉన్నాయి. జవాబివ్వడం చట్టప్రకారం తప్పనిసరి. వారపు లెక్క శుక్రవారం ఉదయం 7 గంటల నిల్వతో ముగుస్తుంది, సోమవారం సాయంత్రానికి పంపాలి, మామూలుగా బుధవారం అచ్చవుతుంది. నెల లెక్క తర్వాతి నెల 20వ తేదీలోగా చేరాలి. వాళ్లు బంకు బంకుకూ వెళ్లి వాడకం అడగరు. ఉత్పత్తికి దిగుమతి కలిపి, ఎగుమతి, రిఫైనరీలు తిరిగి వాడుకున్నది తీసేసి, నిల్వ పెరిగితే ఆ పెరుగుదలను కూడా తీసేస్తారు. మిగిలింది మార్కెట్లోకి వెళ్లిన సరుకు. లెక్క సరిపడని చోట తేడాను దాచకుండా ‘సర్దుబాటు’ అని విడి వరుసలో వేస్తారు. ముడిచమురు లెక్కలో ఆ వరుస పెద్దదైనప్పుడు ఎక్కడ తప్పుతోందో వెతికారు. ముడిచమురులో కలుస్తున్న ఇతర ద్రవాలు లెక్కకు రావడం లేదని తేలి, 2023లో వాటికి విడి వరుస పెట్టారు. తేడా బయట కనిపిస్తేనే దాన్ని ఎవరైనా సరిచేస్తారు.

మన దగ్గర అలాంటి తేడాను పట్టుకోకపోతే ఏమవుతుందో 2022 మార్చిలో చూశాం. టోకుగా కొనేవారికి డీజిల్ ధర లీటరుకు 25 రూపాయల మేర పెంచారు, బంకు ధర పెరగలేదు. బస్సులు, ఫ్యాక్టరీలు బంకుల మీద పడ్డాయి. కాగితం మీద టోకు వాడకం కూలిపోయింది, చిల్లర వాడకం ఎగిసింది. నిజానికి డీజిల్ కాల్చినవారు మారలేదు, కొన్న చోటు మారింది. అదే వేసవిలో కొన్ని ప్రైవేటు బంకులు అమ్మకాలు తగ్గించడంతో భారం ప్రభుత్వరంగ బంకుల మీద పడి చాలాచోట్ల ‘నో స్టాక్’ బోర్డులు వేలాడాయి.

కాబట్టి ఒడిశా, ఆంధ్ర ప్రభుత్వాలు రెండూ కలిసి చేయగలిగిన పని ఒకటుంది. సరిహద్దు జిల్లాల్లో బంకులను హైవే, పట్టణం, పల్లె అని మూడుగా విడదీసి, మూడు నెలలకోసారి కొన్ని బంకుల్లో రెండు రోజులపాటు బండి నంబరు ఏ రాష్ట్రానిదో, ఎన్ని లీటర్లు పోశారో, బండి ఎటు వెళ్తోందో, క్యాన్లో పోస్తే సేద్యానికా జనరేటరుకా రాసుకోవాలి. ఒకటి మామూలు రోజు, రెండోది సంత రోజు ఉండాలి. కోతల నెలను వదలకూడదు. పీపీఏసీ చేయించి 2014 జనవరిలో వెలువరించిన దేశవ్యాప్త అధ్యయనం డీజిల్‌లో 70 శాతం రవాణాకు, 13 శాతం వ్యవసాయానికి పోతోందని తేల్చింది. జిల్లా స్థాయిలో అలాంటిదే కావాలి. గణాంకాల సేకరణ చట్టం 2008 కింద జవాబు అడిగే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకుంది. ఎవరి వివరాలో బయటపడకుండా ప్రచురించాలన్న షరతూ ఆ చట్టంలోనే ఉంది. గజపతిలాంటి చిన్న జిల్లాలో ముగ్గురికంటే తక్కువ మంది జవాబిస్తే పక్క జిల్లాతో కలిపి అచ్చేయవచ్చు. తమ వివరాలు బయటపడతాయన్న డీలర్ల భయం చాలావరకు దీంతో తీరుతుంది.

ఇథనాల్ సరఫరా సంవత్సరం నవంబరులో మొదలవుతుంది. అక్టోబరు 31న డిపోలు ఎలాగూ ఇథనాల్ నిల్వలు సరిచూసుకుంటాయి. డిస్టిలరీలు, డిపోలు నింపాలని పైన కోరిన లెక్కల కొత్త ఫారాన్ని ఆ తేదీ నిల్వతోనే మొదలుపెడితే ఎవరికీ అదనపు పని పడదు. అప్పటికి తుపానుల కాలం ఇంకా ముగియదు కాబట్టి, బంకుల నిల్వ అంకెను నెలకోసారి కాకుండా వారానికోసారి జిల్లా పౌర సరఫరాల అధికారికి పంపే ఏర్పాటు ముందుగా గంజాం, గజపతి జిల్లాల్లో చేయాలని కోరుతున్నాం.

– డిపో, బంకుల లెక్కలు చూసే కొందరు,
బరంపురం, గంజాం జిల్లా