అవ్వల పాటలకు పైథాన్ కత్తెర

సంపాదకులకు,

మా ప్రొద్దుటూరు పక్క పల్లెల్లో అవ్వలు పాడే నాట్ల పాటలు ఫోన్‌లో రికార్డు చేస్తుంటాను. మొదట దగ్గు, చివర్లో "అయిపాయనా మే?" అన్న ప్రశ్న తప్పవు. వాటిని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఆడియో కోయడానికి, అతకడానికి రెడీమేడ్ కోడ్ ఉన్న పైడబ్ లైబ్రరీతో కోసేస్తున్నాను. లెక్కంతా మిల్లీసెకన్లలోనే: ఐదో సెకను అంటే 5000. ముక్కల మధ్య ప్లస్ గుర్తు పెడితే అతుక్కుంటాయి. అతుకు దగ్గర టక్కుమంటే ప్లస్ బదులు అపెండ్ అనే కమాండు వాడాలి. అది మామూలుగా 100 మిల్లీసెకన్ల మేర రెండింటినీ ఒకదాంట్లో ఒకటి కలిపేస్తుంది. ఎంపీ3 ఫైళ్లకి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉండాలి, లేకుంటే ఎర్రర్లతో టెన్షనే.

మా అబ్బాయి కాలేజీలో పైథాన్ ల్యాబంటే మార్కుల సగటు తీయడమే. (ఎవరికి కావాలో ఆ సగటు!) దాని బదులు ఇంట్లో అవ్వ పాటొకటి రికార్డు చేసి, కోసి తెమ్మని ప్రాజెక్టు ఇవ్వొచ్చు కదా?

— ఒక గృహిణి, ప్రొద్దుటూరు, కడప జిల్లా