ఒంగోలు మేస్త్రీ గారికి, నెల్లూరు ఆచారి గారికి కృతజ్ఞతలు

మా నాన్నగారి 1962 నాటి షెవర్లే ఇంపాలా చాలా కాలం తరువాత మళ్లీ సవ్యంగా నడుస్తోంది. అందుకు కారకులైన ఇద్దరికి, ఒంగోలు కర్నూలు రోడ్డులో పాత కార్లు చూసే మేస్త్రీ గారికీ, నెల్లూరులో బంగారు పని చేసే ఆచారి గారికీ, నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని ఇద్దరూ కోరారు కనుక రాయడం లేదు. వారు చేసిన పనిని మాత్రం వివరంగానే చెబుతాను. ఇలాంటి బండి ఉన్నవారికి అది అక్కరకు వస్తుంది.

ఈ కారులో ఉన్నది 283 క్యూబిక్ అంగుళాల, అంటే సుమారు 4.6 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల ఇంజను. కంపెనీ దీనికి రెండు బారెళ్ల (గాలి దారుల) కార్బురేటర్, అంటే గాలిలో పెట్రోలు కలిపే పరికరం, పెట్టి పంపింది. బండి మా ఇంటికి రాకముందే ఎవరో మద్రాసులో దానిని మానిఫోల్డుతో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలతో) సహా తీసివేసి, కార్టర్ కంపెనీ వారి ఏ.ఎఫ్.బి. అనే నాలుగు బారెళ్ల కార్బురేటర్ బిగించారు. 1957లో వచ్చిన ఈ రకం చాలా మంచిదే గాని, మా దానిలో పెట్రోలును కొలిచి వదిలే జెట్లూ (రంధ్రాలు), వాటిలో ఆడే రాడ్లూ 327 క్యూబిక్ అంగుళాల ఇంజను కోసం అమర్చినవి. ఊరికే తిరిగే స్లో స్పీడులో ఇంజను వణికేది. ఆ స్పీడులో గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూలు ఎటు తిప్పినా తేడా తెలిసేది కాదు. ఆగి ఉన్న బండిలో యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం చచ్చుబడి, ఆ తరువాత గాని కదిలేది కాదు. కావలి దాటి కాస్త వేగం అందుకుంటే వెనుక నల్ల పొగ. చూసిన ప్రతివారూ ఇంజనుకు కార్బురేటర్ పెద్దదైపోయిందని, మార్చక తప్పదని తేల్చారు.

మేస్త్రీ గారు అలా తేల్చలేదు. ముందుగా ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు. క్యూబిక్ అంగుళాలను నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 3456తో భాగిస్తే ఇంజను నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పీల్చగలదో వస్తుంది. ఘనపుటడుగుకు 1728 ఘనపుటంగుళాలు, పైగా ప్రతి సిలిండరూ రెండు చుట్లకొకసారి మాత్రమే గాలి తీసుకుంటుంది కనుక ఆ సంఖ్య. 5000 చుట్ల దగ్గర మా ఇంజనుకు లెక్క ప్రకారం 409 వచ్చింది, సిలిండర్లు ఎప్పుడూ పూర్తిగా నిండవు కనుక నూటికి 85 వంతులు పట్టుకుంటే సుమారు 350. కార్బురేటర్ అంతకంటే చాలా ఎక్కువే ఇవ్వగలదు. అయినా ఏ.ఎఫ్.బి.లో రెండో జత బారెళ్లకు తూకం కట్టిన పలకలు ఉంటాయనీ, ఇంజను నిజంగా గాలిని లాగినప్పుడే అవి తెరుచుకుంటాయనీ, కాబట్టి చిన్న ఇంజను తనకు కావలసినంత మేరకే దానిని వాడుకుంటుందనీ ఆయన వివరించారు. ఆ తూకాన్ని అరగదీస్తే పికప్ వస్తుందని లోగడ ఒకరు ఇచ్చిన సలహాను ఆయన గట్టిగా వారించారు. చిన్న ఇంజనుకు ఆ పలకలు తొందరగా తెరుచుకోవడమే కీడు.

"కార్బురేటర్ జోలికి ఇప్పుడే పోవద్దు బాబూ, ముందు కరెంటు సంగతి చూద్దాం" అన్నారు. అసలు తెలివి అక్కడే ఉందని నా నమ్మకం. టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, బాగా వెనకబడి ఉంది. ఆ లోటు కప్పిపుచ్చడానికి ఎవరో స్లో స్పీడు స్క్రూ బిగించి గాలిని అదుపు చేసే థ్రాటిల్ పలకలను ఎక్కువగా తెరిచి ఉంచారు. దానితో, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెట్రోలు అందించవలసిన సన్నని చీలిక ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడే బయటపడిపోయింది. మిక్చర్ స్క్రూలు పనిచేయకపోవడానికీ, కదిలేటప్పుడు చచ్చుబడడానికీ ముఖ్య కారణం అదే. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల గ్యాపు, టైమింగ్ సరిచేసి, థ్రాటిల్ మూసి, మిక్చర్ స్క్రూలను ఒకటిన్నర చుట్టు విప్పి, ఇంజను పీల్పు బలాన్ని కొలిచే వ్యాక్యూమ్ గేజీ ముల్లు ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడ నిలిపారు. ముల్లు 18 అంగుళాల (పాదరసం) దగ్గర కదలకుండా నిలిచింది.

ఆ తరువాతే కార్బురేటర్ పైమూత విప్పారు. మీటరింగ్ రాడ్లను మోసే చిన్న పిస్టన్లలో ఒకటి జిగురు పట్టి పైనే ఇరుక్కుపోయి ఉంది. వ్యాక్యూమ్ బాగా ఉన్నప్పుడు రాడ్డు కిందికి దిగి, దాని లావు భాగం జెట్టులో కూర్చుని పెట్రోలును తగ్గించాలి. అది దిగక హైవే మీద నల్ల పొగ వచ్చేది. శుభ్రం చేసి, వ్యాక్యూమ్ 5 అంగుళాలకు పడిపోతే రాడ్లను పైకి లేపే స్ప్రింగులు వేశారు. తొక్కగానే పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపులో ఎండి గట్టిపడిన వాషరును, ఇథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునేది చూసి మార్చారు.

పొగ పోయింది గాని ప్లగ్గులు సున్నంలా తెల్లబడ్డాయి, అంటే పెట్రోలు చాలడం లేదు. తూకంలో మామూలు పెట్రోలు ఒక పాలు మండడానికి 14.7 పాళ్ల గాలి సరిపోతే, 20 శాతం ఇథనాల్ కలిసిన దానికి సుమారు 13.5 పాళ్లే చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. జెట్టు రంధ్రం పెద్దది చేయడానికి మేస్త్రీ గారు ఒప్పుకోలేదు. రాడ్డు చెడితే ఇంకొకటి తెప్పించుకోవచ్చు, అసలు జెట్టు చెడితే వెనక్కి రాదన్నది ఆయన మాట. రాడ్డును సన్నం చేసినా జెట్టులో ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. ఇక్కడ ఆచారి గారు ఆదుకున్నారు. రాడ్డు లావు భాగాన్ని సన్నని మరమీద తిప్పుతూ, నున్నని ఎమరీ కాగితంతో అంగుళంలో వెయ్యో వంతు చొప్పున అరగదీసి, ప్రతిసారీ మైక్రోమీటరుతో కొలిచి, రెండు రాడ్లూ ఒక్కటిగా ఉండేలా తీర్చారు. నగలకు వాడే ఓపికనంతా ఒక పాత కారు ముక్క మీద పెట్టారు. ఇప్పుడు ప్లగ్గులు, ఉండవలసినట్టే, లేత గోధుమ రంగులో ఉన్నాయి.

రోహిణి కార్తె ఎండలో ఆపిన ఇంజను వేడికి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు మరగకుండా, మానిఫోల్డుకూ దానికీ మధ్య మందపాటి బేకలైట్ దిమ్మ కూడా మేస్త్రీ గారే వేశారు. సామాను ఖర్చు తప్ప ఎక్కువ తీసుకోలేదు. పైగా ప్రతి పనికీ ముందు కారణం చెప్పి, గేజీ నా చేతికిచ్చి చూడమన్నారు. ఇద్దరికీ మా కుటుంబం తరఫున మనఃపూర్వక నమస్కారాలు.