బాబ్జీకి, ఎస్ఎంపీఎస్ విషయమై

అంబాజీపేట,
శ్రావణ శనివారం.

చిరంజీవి బాబ్జీని అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ క్షేమసమాచారాలు వెంటనే తెలియజెయ్యగలవు. ఈ "వెంటనే" అందరూ ఉత్తరాల్లో రాసే వెంటనే కాదు, గమనించు.

ఈ కాలంలో ఉత్తరమేమిటి అనుకుంటావేమో. మన కంప్యూటరు ఆన్ కాలేదు. ఆ మాట చెబుదామని ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదు. వాట్సాప్‌లో పెడితే నీలం గీతలు పడ్డాయి గానీ జవాబు లేదు. మర్నాడు పొద్దున "మీటింగులో ఉన్నా అమ్మా" అని వచ్చింది. రాత్రంతా మీటింగేమిట్రా? సరే, పండుగాడు హైదరాబాదు వస్తున్నాడు కదా, వాడి చేతికి ఇస్తే నీ చేతిలో పెట్టి మరీ వస్తాడని రాస్తున్నాను. వాడితో సున్నుండలూ మాగాయా కూడా పంపుతున్నాను. సున్నుండలు ఫ్రిజ్జులో పెట్టకు, గట్టిపడిపోతాయి. మాగాయలో తడి గరిట పెట్టకు.

గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చి, మళ్ళీ తగ్గిందని తీసేశారు. 10 లక్షల క్యూసెక్కులకి మొదటిది, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది అని చిన్నప్పుడు ఎక్కంలా అప్పజెప్పేవాడివి. లంకల్లో వాళ్ళకే అవస్థ. మన కౌశిక మాత్రం గట్టు అంచుదాకా పారుతోంది. మీ నాన్నగారు రోజూ గొడుగేసుకుని వెళ్ళి చూసి వస్తున్నారు. ఆయన చూడకపోతే పొంగుతుందని కాబోలు.

ఇంక కంప్యూటరు సంగతి. కొబ్బరికాయ దింపిన రోజు లెక్క ఎక్కిద్దామని సాయంత్రం కూర్చున్నాను. బటన్ నొక్కితే లైటే లేదు. నువ్వు చెప్పినట్టే బయట నుంచి లోపలికి చూసుకుంటూ వచ్చాను. గోడ ప్లగ్గులో టేబుల్ ఫ్యాను పెడితే తిరిగింది, కాబట్టి కరెంటు ఉంది. యూపీఎస్ కుయ్యి మనలేదు. దాని మూత తీయించి చూస్తే 12 వోల్టుల బ్యాటరీ పొట్ట ఉబ్బిపోయి ఉంది. దాన్ని పక్కన పడేసి తీగ నేరుగా గోడకే పెట్టాను. ప్రింటరూ పెన్ డ్రైవూ అన్నీ పీకేశాను. ప్లగ్గు తీసేసి బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, మళ్ళీ పెట్టాను. ఈసారి కంప్యూటరు లోపలి ఫాను గిర్రున తిరగబోయి టక్కున ఆగిపోయింది. కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకునే చేశానులే, నువ్వు కంగారుపడకు. మీ నాన్నగారు మాత్రం వెనక నించుని "ముట్టుకోకు, ముట్టుకోకు" అంటూనే ఉన్నారు. ఆయన కంటి ఆపరేషన్ అయ్యాక అన్నీ బాగా కనిపిస్తున్నాయి, అదే ఇబ్బంది.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం కావడంతో దాని జోలికి పోలేదు. వ్రతం బాగా జరిగింది. తొమ్మిది రకాలు చెయ్యలేకపోయినా ఐదు చేశాను. పేరంటానికి చాలామంది వచ్చారు. రామలక్ష్మిగారి చిన్నకోడలు తాంబూలం అందుకుంటూ, "బాబ్జీ వాళ్ళ కంపెనీలో చాలామందిని తీసేశారట కదా పిన్నిగారూ" అంది. ఇంకొంచెం శనగలు వేసుకోమ్మా అన్నాను. ఆ అమ్మాయి మాటలు నేనెప్పుడూ నమ్మను. నీకు తెలుసు కదా, నాగమణి పెళ్ళప్పుడు ఏం చేసిందో.

తర్వాత సూరిబాబుగారి రెండోవాణ్ణి పిలిపించాను. శివ, నీకు స్కూల్లో జూనియర్. సెంటర్లో షాపు పెట్టాడు. బుద్ధిమంతుడు, రాగానే చెప్పులు బయట విప్పి, కంప్యూటరు ప్లగ్గు తనే తీసి పక్కన పెట్టుకుని అప్పుడు స్క్రూలు విప్పాడు. లోపల దుమ్ము చూసి నాకే సిగ్గేసింది. వాడు ముందు ఆ ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద ప్లగ్గు ఊడదీశాడు. గోడలోంచి వచ్చే 230 వోల్టుల్ని 12, 5, 3.3గా చేసి లోపల దేనికి కావలసింది దానికి పంచే డబ్బా అదేనట. ఆ ప్లగ్గులో ఆకుపచ్చ తీగనీ ఒక నల్ల తీగనీ పేపర్ క్లిప్పుతో కలిపి, అప్పుడు కరెంటు ఇచ్చాడు. డబ్బా బాగుంటే దాని ఫాను తిరుగుతూ ఉండాలి. అర చుట్టు తిరిగి ఆగింది. ఒక్కోసారి ఫాను తిరిగినా లోడు పడేసరికి చేతులెత్తేస్తాయి, ఇది అంతదాకా కూడా రాలేదు పిన్నిగారూ అన్నాడు. మరి డబ్బా విప్పి చూడరా అంటే విప్పలేదు. ప్లగ్గు తీసేసినా అందులో కెపాసిటర్లు కరెంటు పట్టుకుని ఉంటాయట. జాలీలోంచి టార్చి వేసి చూపించాడు. సన్నగా, నల్లగా, కొన వంకర తిరిగి ఒక బల్లి తోక! దాని చుట్టూ చీమలు కూడా ఎండిపోయి ఉన్నాయి. మీ నాన్నగారు వెంటనే పంచాంగం తెచ్చి బల్లి పడితే ఫలితాలు చూశారు. తల మీద, భుజం మీద, మోకాలి మీద అన్నీ ఉన్నాయి గానీ ఎస్ఎంపీఎస్ మీద పడితే ఏమిటో అందులో లేదు.

శివ తన స్పేర్ డబ్బా ఒకటి తగిలించాడు. ఫాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండి లోపల నుంచి కూ... కూ... అని కూత. ఆ కూతలు కంపెనీని బట్టి మారతాయట గానీ, ఇలా పొడుగ్గా ఆపకుండా కూస్తే ముందు ర్యామ్, అంటే దాని జ్ఞాపకశక్తి పట్టీ, చూడాలన్నాడు. ప్లగ్గు తీసేసి ర్యామ్ పట్టీ బయటికి లాగాడు. బంగారు రంగు అంచు మసకబారి ఉంది. రబ్బరుందా పిన్నిగారూ అంటే, మీ అక్క కూతురు వేసవిలో వదిలేసి వెళ్ళిన స్ట్రాబెర్రీ వాసన రబ్బరు ఇచ్చాను. దాంతో ఆ అంచు నెమ్మదిగా రుద్దుతూ, తల ఎత్తకుండా, "అన్నయ్య ఇప్పుడు ఏ కంపెనీ పిన్నిగారూ?" అని అడిగాడు. అదే కంపెనీ అన్నాను. "ఓహో" అన్నాడు. ఆ "ఓహో" నాకు నచ్చలేదు.

ర్యామ్ పెట్టాక తెర వచ్చింది. వచ్చి, ఎఫ్1 నొక్కమంది. తేదీ చూస్తే 2010 జనవరి 1. అంటే మనం ఆ కంప్యూటరు కొనకముందు తేదీ! లోపల సీఆర్ 2032 అని బిళ్ళ బ్యాటరీ ఉంటుంది కదా, 3 వోల్టులది, అది అయిపోయిందట. అది పోయినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు గానీ తేదీ మర్చిపోతుంది. కొత్తది వేసి తేదీ సరిచేశాడు. వెళుతూ కేబినెట్ మీద చెయ్యి వేసి "జుమ్మంటోంది, ఎర్త్ లేదు" అన్నాడు. చూస్తే పెరట్లో ఎర్త్ తీగ తుప్పు పట్టి గుంట దగ్గరే తెగిపోయి ఉంది. దాన్ని కొత్తది వేయించాం. నీ గదిలో ఎర్త్ ఉందో లేదో కనుక్కో. అద్దె ఇళ్ళల్లో మూడు పిన్నుల ప్లగ్గు కనిపిస్తుందే తప్ప దాని వెనక తీగ ఉండదు. గీజరు వేసినప్పుడు ఆపేశాకే స్నానానికి వెళ్ళు. ఇది వందసార్లు చెప్పాను, వందా ఒకటోసారి రాస్తున్నాను.

ఎర్త్ గుంట తవ్వుతుంటే పాత కొబ్బరిమోడు వేళ్ళు బయటపడ్డాయి. 96 తుఫానులో పడిన చెట్టుది. ఆ కథ నీకు మీ నాన్నగారు చెప్పి ఉండరు, చెప్పరు కూడా. నవంబరు 6 రాత్రి, దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. నువ్వు నా ఒళ్ళో పిల్లాడివి. తెల్లారేసరికి కాలువ గట్టు తోటలో నిలబడ్డ చెట్లని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అంతకు ముందే ఆయన కమీషన్ కొట్టువాళ్ళ దగ్గర రాబోయే కాయ మీద అడ్వాన్సు తీసుకుని ఉన్నారు. ఆ ముక్క నాకు చెప్పలేదు. కొత్త మొక్క పెడితే కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. ఇంట్లో మాత్రం ఏమీ జరగనట్టే పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సొసైటీకి వెళ్ళొస్తా అని బయల్దేరేవారు. ఒకరోజు క్యారేజీ మర్చిపోయారు కదా అని నిన్ను చంకనేసుకుని నేనే సొసైటీకి పట్టుకెళ్ళాను. అక్కడ గుమాస్తా, "ఆయన ఇటు రావడం లేదమ్మా" అన్నాడు. వెతుక్కుంటూ వెళితే లాకుల దగ్గర మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా తీసి మడిచి పక్కన పెట్టుకుని, బనీను మీద. చొక్కా నలిగితే నాకు అనుమానం వస్తుందని! నేను కనపడకుండా వెనక్కి వచ్చి, గౌరమ్మ చేత క్యారేజీ పంపించి, ఆ సాయంత్రమే మీ పెద్దమామయ్యకి కబురు పెట్టాను. మామయ్య వచ్చి కొట్టువాళ్ళతో మాట్లాడి వాయిదాలు చేయించాడు, నారికేళం మొక్కలు కూడా తోలించాడు. అందుకు మీ నాన్నగారు సంతోషించారనుకున్నావా? మీ పుట్టింటివాళ్ళకి చెబుతావా అని సంక్రాంతి దాకా మాట్లాడలేదు. తీర్థంలో ప్రభల దగ్గర జీళ్ళ పొట్లం కొనిచ్చి అప్పుడు నోరు విప్పారు. నేను చేసింది తప్పని ఇవాళ్టికీ అనుకోను. నాకు కోపం వచ్చింది అప్పు మీద కాదు, గుమాస్తా నోట వినాల్సి వచ్చినందుకు.

ఇదంతా ఎందుకు రాశానంటే ఎర్త్ గుంట సంగతి వచ్చింది కాబట్టి రాశాను. రామలక్ష్మిగారి కోడలికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఒకవేళ, ఒకవేళే అంటున్నాను, ఉద్యోగాలంటావా, పోతాయి, వస్తాయి. చదువుకున్నవాడివి. పీఎఫ్ డబ్బులు తొందరపడి తీసెయ్యకు. క్రెడిట్ కార్డుతో అద్దె కట్టకు. రాత్రి పన్నెండింటికి బిర్యానీ తెప్పించుకోకు. పొద్దున తొమ్మిదింటిదాకా పడుకోకు, పని ఉన్నా లేకపోయినా సరే. లెక్చరు ఇవ్వకూడదనే కూర్చున్నాను, చూడు ఎక్కడికి వచ్చానో.

అన్నట్టు కంప్యూటరు తెరుచుకోగానే కాయల లెక్కల ఫోల్డరు పక్కన "రెజ్యూమె కొత్తది" అని ఒక ఫైలు కనపడింది. తేదీ చూస్తే నువ్వు మామిడిపళ్ళప్పుడు వచ్చి వెళ్ళావు చూడు, అప్పటిది. నేను తెరవలేదు. మీ నాన్నగారికి చూపించలేదు. ప్రింటరు పనిచేస్తోంది, కాగితాలు కూడా ఉన్నాయి, ఎన్ని కాపీలు కావాలన్నా తీసి పండుగాడి చేతికే ఇస్తాను. పైన ఫోటో మాత్రం మార్చు. కాలేజీలో దిగిన ఆ గడ్డం ఫోటో పెట్టి ఉంటావు, నాకు తెలుసు.

తెరవకపోతే ఫోటో సంగతి ఎలా తెలిసిందని అడగకు.

మాగాయ డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో కొంత పెట్టాను. మొన్నటి దింపు డబ్బులే. నాన్నగారికి తెలుసు, తెలియనట్టు ఉంటున్నారు. లెక్క చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నువ్వు చెప్పాల్సింది ఒకటుంది. శివ తగిలించింది వాడి స్పేర్ డబ్బా, వచ్చే వారం పట్టుకెళతానంటున్నాడు. పాత కంప్యూటరుకి కొత్త ఎస్ఎంపీఎస్ వేయించనా, లేక మొత్తం మార్చేద్దామా? వేయిస్తే 450 వాట్లది చాలంటున్నాడు. యూపీఎస్‌కి బ్యాటరీ ఒక్కటే మారిస్తే సరిపోతుందా? ఇవి నువ్వు చెప్పందే నేను కొనను. నాన్నగారు మధ్యాహ్నం భోంచేసి పడుకుంటారు, అప్పుడు ఫోన్ చెయ్యి. వీడియో కాల్ చెయ్యి, కేబినెట్ వెనక స్టిక్కరు చూపిస్తాను. మిగతావి నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, ముందు ఎస్ఎంపీఎస్ సంగతి తేలుద్దాం.

అమ్మ